రేవులో ఇరుగుపొరుగు

విశాఖపట్నము చేపల రేవును చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. అచ్చట మరపడవలు జెట్టీకి ఒక్కొక్కటిగా గాక, వరుసలు వరుసలుగా కట్టబడి యుండును. గట్టు నంటి ఒక పడవ, దాని నంటి వేరొకటి, దానికావల మరియొకటి. చివరి పడవవాడు ఒడ్డునకు రావలెనన్న నడుమనున్న పడవల మీదుగానే నడచి రావలెను. మంచుగడ్డల బుట్ట గాని, నూనె డబ్బా గాని, వల గాని పొరుగువాని పడవమీదుగానే పోవలెను. గట్టు ప్రక్కనున్నవాడు వేటకు బయలుదేరవలెనన్న వెలుపలివారు మోకులు విప్పి త్రోవ ఇయ్యవలెను. ఇది దినదినము జరుగునదే కనుక దీనిని గూర్చి ఎవ్వరును ప్రత్యేకముగా చెప్పుకొనరు.

2023 నవంబరు 19వ తేది రాత్రి ఆ రేవులో ఒక పడవకు నిప్పంటుకొనెను. మంట ప్రక్క పడవలకు ప్రాకకుండునట్లు దాని త్రాడు తెంచి నీటిలోనికి విడిచిరనియు, గాలియు నీటి వాలును కలిసి దానిని మరల జెట్టీ వైపునకే త్రోసికొని వచ్చెననియు అప్పుడు అధికారులు తెలిపిరి. పడవలలో డీజిలు ఉండెను, వంటకై పెట్టుకొన్న గ్యాసు సిలిండర్లు ఉండెను. తెల్లవారునప్పటికి ముప్పదికి పైగా పడవలు కాలి బూడిదయ్యెను. అప్పుసొప్పులు చేసి పడవ కొనుక్కొన్న కుటుంబములు గట్టుమీద నిలిచి ఆ మంటలను చూచుచుండెను.

ఆ వార్త వెలువడిన ఉదయమున మాకొక ప్రశ్న తోచినది. తన పడవను కాపాడుకొనుటకు పొరుగువాని త్రాడు తెంచుటకు ఎవనికైనను హక్కు కలదా? ఆ హక్కున్నయెడల దానికి మేర ఎక్కడ? మండుచున్న పడవ విషయమున సమాధానము సులభముగానే తోచును. కాని మంట లేనప్పుడు, గాలి మాత్రమే రేగినప్పుడు, లేక నీరు తగ్గి ఒకని లంగరు మరియొకని పడవ అడుగునకు వచ్చినప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నలను మనుష్యులు రెండువేల సంవత్సరములుగా వేసికొనుచునే యున్నారు. వానికి లభించిన సమాధానముల చరిత్రను కొంత ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

అగస్టసు చక్రవర్తి కాలమున రోములో లేబియో అను ధర్మశాస్త్రవేత్త ఉండెను. ఆయన చెప్పిన ఒక అభిప్రాయమును మూడవ శతాబ్ది ఆరంభమున అల్పియను అను మరియొక న్యాయవేత్త ఉదాహరించెను. ఆ భాగము 533వ సంవత్సరమున జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన 'డైజెస్టు' అను ధర్మసంహితలో చేరి మనదాక వచ్చినది. సందర్భమిది: గాలి తాకిడికి ఒక ఓడ కొట్టుకొనిపోయి, మరియొక ఓడ లంగరు మోకులలో చిక్కుకొనినది. నావికులు ఆ మోకులను తెగగోసి బయటపడిరి. మోకులు పోయినవాడు వారిమీద వ్యాజ్యము వేయవచ్చునా? మోకులు కోయుట తప్ప బయటపడుటకు వేరుదారి లేనిచో వ్యాజ్యము చెల్లదని లేబియో చెప్పెను. అల్పియను మరియొకచోట, సెల్ససు అను న్యాయవేత్త మాటగా, దీనికి జోడైన సంగతి నొకదానిని చెప్పుచున్నాడు. నిప్పు తన యింటికి వచ్చునను న్యాయమైన భయముతో పొరుగింటిని కూలద్రోసినవాడును పరిహార మిచ్చుకొననక్కరలేదట.

చిక్కంతయు 'వేరుదారి లేనిచో' అనుటలోనే యున్నది. తుఫాను తగ్గిన తరువాత, ఎండకాయుచున్న న్యాయసభలో కూర్చుండినవానికి దారులు నాలుగు కనబడును. చీకటిలో కత్తి చేతబట్టిన కళాసీకి ఒక్కటియే కనబడును. అయినను ఈ తీర్పులో పెద్ద మేలు కలదు. ఆపదలో పొరుగువాని సొత్తును తాకుట దొంగతనము కాదని అది ఒప్పుకొనినది. ఆపద లేనప్పుడు దానిని తాకరాదనియు దానిలోనే చెప్పినట్లయినది.

మన దేశమున ఈ విషయము లేదా యని అడుగువారుందురు. పడవవాని తప్పువలన పడవలోని సరకు చెడినయెడల పడవవారందరును కలిసి దాని నిచ్చుకొనవలెననియు, దైవికముగా జరిగినదానికి దండన లేదనియు మనుస్మృతి చెప్పుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుడను అధికారి కలడు. గాలికి దెబ్బతిని రేవు చేరిన ఓడను అతడు తండ్రివలె ఆదరింపవలెను. నీటివలన చెడిన సరకునకు సుంకము మాఫీ చేయవలెను, లేదా సగమే తీసికొనవలెను. ఇక తెలుగుదేశమునకు వచ్చిన, మోటుపల్లి అభయశాసనమును మరువరాదు. కాకతి గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున వేయించిన ఈ శాసనము నేటికిని అచ్చటి వీరభద్రాలయమున నున్నది. తుఫానుకు విరిగి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు మున్నగువానిని పూర్వరాజులు బలవంతముగా తీసికొనెడివారనియు, తాము అట్లు చేయక, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వర్తకులకే విడిచితిమనియు గణపతిదేవుడు అందులో ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒకవంతు సుంకము. ప్రాణముకంటెను ధనమే మిన్నయని తలంచి సముద్రమున దిగువారిపై జాలితో ఇట్లు చేసినట్లు చెప్పుకొనిన ఆ రాజు మాటలో కొంచెము చిరునవ్వు దాగియున్నదేమోయని మాకు తోచుచుండును.

అయితే ఈ మూడింటను ఒక ప్రక్క రాజో, రేవు అధికారియో, సరకు ఎక్కించినవాడో నిలిచియుండెను. ఓడకెదుట ఓడ నిలుచు వ్యాజ్యము వీనిలో లేదు. అందుచేత మేము మరల పడమటి సముద్రములకు పోవలసి వచ్చినది.

బైజాంటియము సామ్రాజ్యమున ఏడు, ఎనిమిది శతాబ్దులలో కూర్చిన 'రోడియను సముద్రధర్మము' అను చిన్న గ్రంథము కలదు. రోడ్సు ద్వీపమువారికి సముద్రవ్యవహారములలో పూర్వమునుండి గొప్ప పేరు. ఆ పేరే దీనికిని పెట్టిరి. ఆ గ్రంథమున ఓడలను గూర్చిన ధర్మములు దేనితో మొదలగుచున్నవో చూడుడు: లంగరు దొంగతనముతో. రేవులోనో ఇసుకతీరముననో నిలిచిన ఓడ లంగరులను దొంగిలించి, పట్టుబడి, ఒప్పుకొనినవానికి కొరడాదెబ్బలు. నష్టమునకు రెండింతల చెల్లింపు. వెంటనే రెండవ ధర్మము. ఒక ఓడ కళాసీలు తమ నాయకుని ఆజ్ఞపై ప్రక్క ఓడ లంగరులను దొంగిలించిరి. లంగరు లేక ఆ ఓడ నశించెను. అట్టియెడల దొంగ ఓడ నాయకుడు ఆ ఓడకును అందులోని సరకునకును కలిగిన నష్టమంతయు ఇచ్చుకొనవలెను. ఇనుము ప్రియమైన కాలమున లంగరు ఎంత విలువైన వస్తువో దీనివలన తెలియుచున్నది. పగలు పలుకరించి, ఇంత ఉప్పు బదులడిగి, రాత్రి లంగరు త్రాడు కోసికొనిపోవు పొరుగువారు ఆనాడును ఉండిరన్నమాట.

అదే గ్రంథమున ఇంకొక ధర్మము కలదు. లంగరు వేసి గాని, తెరచాప సడలించి గాని నిలిచియున్న ఓడను పగటివేళ మరియొక ఓడ వచ్చి కొట్టినయెడల తప్పు కొట్టినవానిదే, కన్నులున్నవి గదా. రాత్రివేళ సంగతి వేరు. నిలిచినవాడు నిప్పు వెలిగించి చూపవలెను. నిప్పు లేకున్న కేకలు వేయవలెను. నిప్పును చూపక, కేకయును వేయక ఊరకున్నవాని ఓడ పగిలినయెడల అతడు తన్ను తానే నిందించుకొనవలెను. అతడు ఊరకున్నట్లు సాక్షులు మాత్రము చెప్పవలెను. నిలిచినవానికి గూడ ఒక బాధ్యత కలదని ఇంత సూటిగా చెప్పిన మాట అంతకు పూర్వము అరుదు. తాను కదలక మెదలక ఉన్నంతమాత్రమున నిర్దోషి యగునని అనుకొనుట మనుష్యస్వభావము. సముద్రధర్మము దానిని ఒప్పుకొనలేదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన ఒలెరాను తీర్పుల సంగతి. ఫ్రాన్సు పడమటి తీరమున ఒలెరాను అను ద్వీపము కలదు. బోర్డో ప్రాంతపు ద్రాక్షసారాయమును పీపాలలో నింపి ఇంగ్లాండునకును ఉత్తరదేశములకును తీసికొనిపోవు ఓడలు ఆ తీరము వెంబడి పోవుచుండెడివి. ఆ ఓడలవారి వివాదములను తీర్చుటకు పండ్రెండు, పదమూడు శతాబ్దులలో ఏర్పడిన తీర్పుల సంపుటమునకు ఒలెరాను పేరు వచ్చినది. ఎలియనోరు రాణి దీనిని వ్రాయించినదని ఒక ప్రతీతి. ప్రతీతులకు రాణులు ప్రీతిపాత్రులు. రాణి వ్రాయించినను వ్రాయింపకున్నను, అందులోని ప్రతి తీర్పును చేతులకు తారు అంటిన మనుష్యుల నోటనుండి వచ్చినట్లే యుండును. ఇట్లు జరిగినది, దీనికి తీర్పు ఇది — ఇంతే వాని పద్ధతి.

ఆ తీరమును గూర్చి ఒక మాట చెప్పినగాని తక్కినది బోధపడదు. మన కోస్తాలో పోటుకును ఆటుకును నడుమ నీటిమట్టపు భేదము ఒకటి రెండు మీటర్లకు మించదు. ఆ తీరమున అమావాస్య పూర్ణిమల దినములలో అది ఐదారు మీటర్లు. ప్రొద్దున ఓడలు తేలియాడుచున్న రేవు మధ్యాహ్నమునకు బురదమైదానమగును. ఓడలు ఎక్కడివక్కడ అడుగు ఆనించి కూర్చుండును. అప్పుడు లంగరులును బయటపడును. లంగరునకు రెండు ఇనుపకోరలు. ఒకటి నేలలో దిగియుండగా రెండవది ఆకాశమునకు ఎత్తియుండును. నీరు తగ్గుచున్నప్పుడు ప్రక్క ఓడ ఆ కోరపై కూర్చుండినచో దాని బరువే దానికి శత్రువగును. అడుగుచెక్క చీలును. మరల పోటు వచ్చునప్పటికి ఓడ లేవదు, నీరు లోనికి వచ్చును.

ఈ ఆపదను గూర్చి ఒలెరాను తీర్పు ఏమి చెప్పినదనగా: నీరు తక్కువగానున్న రేవులో రెండు మూడు ఓడలు నిలిచియుండి, ఒకదాని లంగరు బయటపడినయెడల, ప్రక్క ఓడ నాయకుడు ఆ ఓడ నాయకునితో మొదట మాటలాడవలెను. అయ్యా, నీ లంగరు మాకు మిక్కిలి దగ్గరగా ఉన్నది, హాని కలుగవచ్చును, దానిని తీసి వేరొకచోట వేయుమని అడుగవలెను. ఆ నాయకుడు గాని అతని కళాసీలు గాని తీయనిచో, ప్రమాదమున నున్నవారే పోయి ఆ లంగరును తీసి దూరముగా పెట్టవచ్చును. వారిని అడ్డగించి, తరువాత ఆ లంగరువలన హాని కలిగినచో అడ్డగించినవారు పూర్తి పరిహారము చెల్లింపవలెను. అంతేకాదు, లంగరు ఎక్కడ ఉన్నదో తెలుపుటకు నీటిపై తేలు గుర్తును దానికి కట్టియుంచవలెను. గుర్తు కట్టని లంగరువలన చేటు కలిగినను పరిహారము తప్పదు.

ఇందులో మమ్ములను ఆకర్షించినది దీని వరుస. మొదట మాట, తరువాత చేయి. రోములో లేబియో ఎదుట నిలిచినది జరిగిపోయిన సంగతి: మోకు కోయబడినది, ఇక ఎవరు చెల్లింపవలెను అనునదే ప్రశ్న. ఒలెరానువారు ఇంకను జరుగని సంగతిని పట్టుకొనిరి. నీరు తగ్గుటకు కొన్ని గంటల కాలమున్నది. అంతలో ఏమి మాటలాడుకొనవలెను, మాట సాగకున్న ఎవరు ఏమి చేయవచ్చును అని విధించిరి. పొరుగువాని వస్తువును తాకు హక్కు ఇచ్చిరి గాని, అడుగకుండ తాకు హక్కును ఇయ్యలేదు. మన వీధులలో ఇంటి ఎదుట బండి నిలిపిన వివాదములు వినునప్పుడెల్ల మాకు ఈ తీర్పు జ్ఞప్తికి వచ్చును. అక్కడ మొదట చేయియే పోవును, మాట తరువాత పోలీసుఠాణాలో.

అదే సంపుటమున మరియొక తీర్పు కలదు. అది పై తీర్పువలె సాధువైనది కాదు, మిక్కిలి గడుసుది. రేవులో ఒక ఓడ మోకులతో కట్టబడి నిలిచియున్నది. పోటుతో లోనికి వచ్చుచున్న మరియొక ఓడ దానిని కొట్టినది. రెండింటను సారాయపు పీపాలు పగిలినవి. కొట్టిన ఓడ నాయకుడును కళాసీలును తాము బుద్ధిపూర్వకముగా కొట్టలేదని ప్రమాణము చేయవలెను. చేసినయెడల నష్టమును రెండు ఓడలవారును చెరిసగము భరింపవలెను. పీపాల నష్టమును అట్లే పంచుకొనవలెను.

నిలిచిన ఓడ చేసిన పాపమేమని చదువరులు అడుగవచ్చును. ఆ తీర్పే కారణమును చెప్పుచున్నది. పూర్తి పరిహారము దొరకునట్లయిన, చివికిన పాత ఓడ గలవాడు దానిని తెచ్చి రాకపోకల దారిలో కట్టి, ఎవడైనను వచ్చి కొట్టునా యని ఎదురుచూచును. పాత ఓడకు క్రొత్త ఓడ వెల రాబట్టును. సగము నష్టము తనమీదను పడునని తెలిసినయెడల తన ఓడను దారినుండి తొలగించి కట్టుకొనును. ఆ కాలపు రేవులలో ఇట్టి యుక్తి ఎంత సామాన్యమై యుండవలెనో ఊహింపుడు. లేకున్న దానికొరకు ఒక ధర్మము పుట్టదు. కాని మోసగాని భయముచే ఏర్పరచిన ఈ పద్ధతివలన నిజాయితీపరుడు నష్టపోవుచున్నాడు. తన చోటున తాను జాగ్రత్తగా కట్టుకొనినవాడును సగము భరింపవలసినదే. మా దృష్టిలో ఇది న్యాయము కాదు, సర్దుబాటు మాత్రమే. అయినను ఈ సర్దుబాటు ఎన్ని శతాబ్దులు బ్రతికినదో ముందు చెప్పుదుము.

మధ్యధరాసముద్రమువారు వేరుదారి త్రొక్కిరి. అచ్చట ఆటుపోటులు స్వల్పము. ఓడలు తీరమున దగ్గరదగ్గరగా కట్టుకొని దినములతరబడి నిలుచుచుండెడివి. బార్సిలోనాలో రూపొంది, పదునైదవ శతాబ్ది చివర అచ్చయిన 'సముద్ర కాన్సులేటు' అను కాటలాను భాషాగ్రంథము, ముందు వచ్చి కట్టుకొనినవానికి హక్కు నిచ్చినది. తరువాత వచ్చిన ప్రతి ఓడయు ముందున్నదానికి హాని కలుగనట్లు కట్టుకొనవలెను. హాని కలిగినచో తరువాత వచ్చినవాడే చెల్లింపవలెను. గాలివాన బలాత్కారమువలన జరిగినదానిని మాత్రము వేరుగా విచారింపవలెను. సంస్కృతమున 'మర్యాద' అను మాటకు హద్దు అనియు, తీరము అనియు, నడవడి అనియు అర్థములు కలవు. ఆ మూడర్థములును ఒక్కచోట కూడిన స్థలము రేవు.

ఇప్పుడు ఆ చెరిసగము సంగతి. ఒలెరాను తీర్పులు ఇంగ్లాండు నౌకాన్యాయస్థానముల వ్యవహారమున చేరినవి. కాలక్రమమున, రెండు ఓడలవారిదియు తప్పైనప్పుడు నష్టమును సమముగా పంచుట అక్కడి పద్ధతి యయ్యెను. 1815లో లార్డు స్టోవెలు అను న్యాయమూర్తి ఓడలు ఢీకొనుటకు గల సందర్భములను నాలుగు విధములుగా విడదీసి, ఇరువురి తప్పున్నచోట చెరిసగమని స్పష్టపరచెను. ఒకని తప్పు తొంబది పాళ్ళు, రెండవవానిది పది పాళ్ళు అయినను చెరిసగమే. 1910లో బ్రస్సెల్సు నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికలో, ఎవరి తప్పు ఎంతయో నష్టమును అంత పాళ్ళనే పంచవలెనని నిర్ణయించిరి. మరుసటి యేట ఇంగ్లాండు దానికనుగుణముగా చట్టము చేసెను. అమెరికా మాత్రము ఆ ఒడంబడికలో చేరక పాతపద్ధతినే పట్టుకొని యుండెను.

నిప్పు చూపుము, లేదా కేక వేయుము అను బైజాంటియమువారి ధర్మమునకును దీర్ఘాయువే లభించినది. 1972లో ఏర్పడి 1977లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ నియమములలో, లంగరు వేసిన ఓడ రాత్రివేళ నలువైపులకు కనబడు తెల్లని దీపము చూపవలెనని యున్నది. పెద్ద ఓడయైనచో రెండు దీపములు. పగటివేళ నల్లని గోళమును ముందుభాగమున వ్రేలాడదీయవలెను. పొగమంచు క్రమ్మినప్పుడు నిమిషమునకు ఒకమారైనను ఐదు సెకండ్లపాటు వడివడిగా గంట కొట్టుచుండవలెను. వెనుకటి కళాసీ వేసిన కేకయే ఈ గంట. మిక్కిలి చిన్న పడవలకు, రాకపోకల దారికి దూరముగా నున్నప్పుడు, ఈ నియమము సడలింపబడినది.

ఇక అమెరికాలో ఆ చెరిసగము పద్ధతి ఎట్లు ముగిసినదో చెప్పి విరమింతుము. 1968 డిసెంబరులో 'మేరీ ఎ. వేలెన్' అను నూనె ఓడ న్యూయార్కు సమీపమున, రాత్రివేళ, ఇసుకతిన్నె నెక్కి అడుగు దెబ్బతినెను. అచ్చట వెలుగవలసిన ప్రభుత్వపు దీపము ఆ రాత్రి వెలుగలేదు. ఓడ నడపినవారు కూడ వేరువిధముల దారి తెలిసికొనగలిగియు తెలిసికొనలేదు. తప్పు మూడువంతులు ఓడవారిదనియు, ఒకవంతు తీరరక్షణశాఖదనియు న్యాయస్థానము తేల్చినది. తేల్చియు, పాతపద్ధతి ననుసరించి నష్టమును చెరిసగము పంచినది. వ్యాజ్యము సుప్రీముకోర్టు వరకు పోయెను. 1975లో ఆ కోర్టు ఒలెరాను తీర్పులవరకు వెనుకకు పోయి విచారించి, ఇకమీదట తప్పునకు తగిన పాళ్ళలోనే నష్టమును పంచవలెనని నిర్ణయించెను. పాత ఓడను దారిలో కట్టి కూర్చుండినవాని భయమున పుట్టిన పద్ధతి, ఏడు శతాబ్దులు దాటిన తరువాత, వెలుగని ఒక దీపము కారణముగా రద్దయినది. 'మేరీ ఎ. వేలెన్' తరువాత నూనె మోయుట మానినది. న్యూయార్కులో బ్రూక్లిను రేవునకు చేర్చి, మోకులతో గట్టునకు కట్టి, దానిని చూడవచ్చినవారి కొరకు నిలిపిరి.